డ్రెస్డెన్‌లో ఒక్క సెమిస్టర్: ఏది తినాలి, ఏది చూడాలి, ఏది వదిలేయాలి

జర్మనీలోని డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీకి ఎక్స్ఛేంజ్ మీద వెళ్ళబోయే మన పిల్లలు నన్ను అడిగేవి దాదాపు ఎప్పుడూ రెండే ప్రశ్నలు. "అన్నా, అక్కడ తిండికి ఇబ్బంది పడతామా?" అన్నది ఒకటి. "ఉండేది ఆర్నెల్లే కదా, ముందు ఏవి చూడాలి?" అన్నది రెండోది. ఆన్‌లైన్‌లో వెతికితే చూడదగ్గ పది చోట్లు, తినదగ్గ పది వంటకాలు అంటూ జాబితాలు బోలెడు దొరుకుతాయి. అవన్నీ రెండు రోజుల కోసం వచ్చి హోటల్లో దిగే టూరిస్టుకి రాసినవి. విద్యార్థి లెక్క వేరు. శనాదివారాలు చేతిలో ఉంటాయి, డబ్బులు ఉండవు. హాస్టల్ ఫ్రిజ్‌లో ఒక్క అర మాత్రమే మనది.

అందుకని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. మధ్యాహ్నం మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో తినండి, రాత్రి గదిలో వండుకోండి. అలా మిగిలిన యూరోలు మ్యూజియం టికెట్ మీద, బేకరీలో కేకు మీద ఖర్చు పెట్టండి. హోటల్ భోజనం అప్పుడప్పుడూ చాలు.

చలికాలమా, ఎండాకాలమా

ఏ సెమిస్టర్‌కి వెళ్ళాలో ఎంచుకునే వీలు అందరికీ ఉండదు. ఉన్నవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి. చలికాలం సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది, క్లాసులు ఫిబ్రవరి మొదట్లో అయిపోతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. క్లాసు అయ్యాక ఎక్కడికైనా వెళ్దామంటే వెలుతురే ఉండదు. వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. ఐదింటికి క్లాసు వదిలినా ఇంకో సగం రోజు మిగిలినట్టే. ఎల్బే నది ఒడ్డున ఊరి మధ్యలోనే పెద్ద పెద్ద గడ్డి మైదానాలున్నాయి. కొత్త స్నేహాలు ఎక్కువగా కలిసేది అక్కడే.

తిరగడం ఇష్టమైతే వేసవి తీసుకోండి, నా ఓటు దానికే. అయితే చలికాలానికి ఒక్క గట్టి ఆకర్షణ ఉంది, ష్ట్రీట్సెల్‌మార్క్ట్. పాత ఊళ్ళోని ఆల్ట్‌మార్క్ట్ అనే చౌకులో నవంబరు చివరి నుంచి డిసెంబరు 24 దాకా జరిగే క్రిస్మస్ సంత ఇది. 1434లో మొదలైంది, జర్మనీలోని అతి పాత క్రిస్మస్ సంతల్లో ఒకటి. ఊళ్ళో ఇంకా చాలా సంతలు పెడతారు. ఒక్కదానికే సమయం ఉంటే ఇక్కడికే వెళ్ళండి, అదీ వారం మధ్యలో. శనివారం సాయంత్రం అడుగు తీసి అడుగు వేయలేరు. లోపలికి టికెట్ లేదు. వేడి వేడి హాండ్‌బ్రోట్ కొనుక్కుంటే కడుపు నిండుతుంది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె అది, లోపల కరిగిన చీజ్, పుట్టగొడుగులు ఉంటాయి. పంది మాంసం పెట్టిన రకం కూడా అదే బండి మీద ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి. గ్లూవైన్ (మసాలా వేసి కాచిన వైన్) వద్దనుకునేవాళ్ళు కిండర్‌పున్ష్ అడగాలి. మసాలా దినుసులు వేసి కాచిన పళ్ళరసం అది, ఆల్కహాల్ ఉండదు. కప్పుకి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి ఇస్తారు.

మెన్సాలో తినడమా, గదిలో వండుకోవడమా

మెన్సా అంటే యూనివర్సిటీ క్యాంటీన్. మోమ్‌జెన్ వీధిలో ఉన్న ఆల్టె మెన్సా, లైబ్రరీ పక్కన ఉన్న జీడెపుంక్ట్ మన పిల్లలకు ఎక్కువగా అలవాటయ్యేవి. రోజూ కొన్ని రకాలు వండుతారు, విద్యార్థి ధరకు పూట భోజనం సుమారు మూడు నుంచి ఐదు యూరోల మధ్యలో వస్తుంది. బయట ఆ డబ్బుకి కాఫీ, ఒక కేకు ముక్క వస్తే గొప్ప. అందుకే ధర దగ్గర మెన్సాతో పోటీకి వచ్చేది ఇంకొకటి లేదు.

మనవాళ్ళకు దీనితో ఇంకో పెద్ద మేలు ఉంది. మెనూలో ప్రతి వంటకం పక్కన పంది మాంసం ఉందా, గొడ్డు మాంసం ఉందా, ఆల్కహాల్ వేశారా, వెల్లుల్లి వేశారా అన్నది రాసి ఉంటుంది. శాకాహారమా, వీగనా అన్నదీ వేరేగా చెబుతారు. హోటల్లో సాస్‌లో వైన్ పోశారా, బంగాళాదుంపల్లో పంది కొవ్వు ముక్కలు వేశారా అని వెయిటర్‌ని పట్టుకుని అడగాలి, అదీ వచ్చీ రాని జర్మన్‌లో. మెన్సాలో ఆ టెన్షన్ లేదు. మొదటి నెల భాష రాకుండా కడుపు నిండాలంటే ఇదే దారి.

ఇక లోటు సంగతి. కారం ఉండదు. అన్నం పెట్టిన రోజు కూడా దాని మీద క్రీమ్ వేసిన సాస్ పోస్తారు. ఏమీ తోచకపోతే ఒక చిన్న డబ్బాలో కందిపొడి పట్టుకెళ్ళండి, ఎవరూ ఏమీ అనుకోరు. పక్కన కూర్చున్న స్పెయిన్ అమ్మాయి, పోలండ్ అబ్బాయి రుచి చూస్తామని అడుగుతారు. మెన్సాలో నిజంగా దొరికేది ఆ బల్ల దగ్గర కూర్చునే మనుషులు. తెలుగువాళ్ళంతా ఒక గదిలో చేరి మూడు పూటలా వండుకుంటే ఆర్నెల్లూ హాయిగానే గడుస్తాయి, కానీ అక్కడికి వెళ్ళినట్టు ఉండదు. మధ్యాహ్నం మాత్రం బయటే తినమని నేను పట్టుబట్టేది అందుకే.

రాత్రికి వంట ఎందుకంటే సాయంత్రానికి చాలా మెన్సాలు మూసేస్తారు. పైగా రోజుకు ఒక్కసారైనా పప్పూ అన్నం పడకపోతే మనలో చాలామందికి నిద్ర పట్టదు. సరుకులు ఎక్కడ కొనాలన్న దగ్గర కూడా ఎంపిక ఉంది. ఇండియన్, ఏషియన్ దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవాలు దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువ. కొత్తిమీర, పచ్చిమిర్చి, బెండకాయ, వంకాయ కావాలంటే టర్కీ వాళ్ళ దుకాణానికి వెళ్ళండి. అక్కడ కొత్తిమీర కట్టలుగా ఇస్తారు. జర్మన్ సూపర్‌మార్కెట్లో చిన్న ప్లాస్టిక్ పెట్టెలో నాలుగు రెమ్మలు పెట్టి అమ్ముతారు. ఎర్ర పప్పు మామూలు సూపర్‌మార్కెట్లో కూడా ఉంటుంది, అన్నిటికంటే త్వరగా ఉడికేదీ అదే. కుక్కర్ తీసుకెళ్ళనివాళ్ళు దానితోనే సరిపెట్టుకోవచ్చు.

రెండు సరుకుల దగ్గర జాగ్రత్త. మొదటిది పాలకూర. ఫ్రీజర్‌లో రెండు రకాలు ఉంటాయి. రామ్‌ష్పినాట్ అని రాసి ఉన్నదాంట్లో క్రీమ్ కలిపేసి ఉంటుంది, పప్పులోకి పనికిరాదు. బ్లాట్‌ష్పినాట్ అని రాసి ఉన్నది ఉత్త ఆకు, అది తీసుకోండి. రెండోది పెరుగు. క్వార్క్ అంటే మెత్తటి తాజా చీజ్, డబ్బా చూడటానికి గడ్డ పెరుగులాగే ఉంటుంది, పెరుగన్నంలోకి మాత్రం కుదరదు. నాటూర్‌యోగర్ట్ అని ఉండి, కొవ్వు 3.5 శాతం అని రాసిన అర కిలో డబ్బా మన పెరుగుకి దగ్గరగా ఉంటుంది. మజ్జిగ కావాలంటే బుట్టర్‌మిల్క్ అడగండి, పళ్ళ ముక్కలు కలపనిది చూసుకుని.

హాస్టల్ వంటగది నలుగురిదీ. ఎండుమిర్చి పోపు వేసే ముందు కిటికీ తెరిచి, తలుపు మూయండి. పొగ అలారం మోగిందంటే మొత్తం బిల్డింగ్ కిందకు దిగాల్సి రావచ్చు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉన్నవి తప్ప. శనివారం సాయంత్రానికే పెరుగూ కూరగాయలూ తెచ్చి పెట్టుకోవాలి.

బయట తినాల్సి వస్తే

త్వరగా, తక్కువలో కావాలంటే ఎక్కడ చూసినా డ్యోనర్ (రొట్టెలో మాంసం ముక్కలు పెట్టి ఇచ్చే టర్కీ తిండి) దుకాణాలే. ఇప్పుడు ఒకటి ఏడెనిమిది యూరోలు పడుతుంది. మాంసం కోడిదా, దూడదా అన్నది అడగాలి, చాలాచోట్ల రెండూ తిరుగుతుంటాయి. శాకాహారులు ఫలాఫెల్ కానీ హల్లూమి చీజ్ కానీ పెట్టించుకోవచ్చు. సాస్ అడిగినప్పుడు "షార్ఫ్" అంటే కారం సాస్ వేస్తారు. పక్కన అయ్‌రాన్ తీసుకోండి, అచ్చంగా ఉప్పు వేసిన మజ్జిగే. రాత్రి పదకొండింటికి ఆకలేస్తే దీనికి మించింది లేదు.

అన్నం మీద గాలి మళ్ళితే మాత్రం డ్యోనర్ కంటే వియత్నాం వాళ్ళ చిన్న హోటళ్ళు మేలు. తూర్పు జర్మనీ రోజుల్లో ఫ్యాక్టరీల్లో పని కోసం వేలాది మంది వియత్నామీయులను తీసుకొచ్చారు. బెర్లిన్ గోడ కూలాక చాలామంది ఇక్కడే ఉండిపోయి దుకాణాలు, హోటళ్ళు పెట్టుకున్నారు. అందుకే ఈ ప్రాంతంలో వాళ్ళ వంట ఇంత మామూలుగా దొరుకుతుంది. వేడి అన్నం, వేయించిన టోఫు, కూరగాయలు, పక్కన మిరపకాయల డబ్బా. చేపల సాస్ కొన్నింట్లో కలుస్తుంది కాబట్టి పూర్తి శాకాహారులు ముందే చెప్పాలి. ఇండియన్ రెస్టారెంట్లూ ఉన్నాయి. వాటిలో దొరికేది ఎక్కువగా పంజాబీ వంట, కారం జర్మన్ల నాలుకకు తగ్గట్టు ఉంటుంది. ఇంటి బెంగతో అక్కడికి వెళ్తే బెంగ తీరదు. ఆ డబ్బుతో వారానికి సరిపడా సరుకులు వస్తాయి.

మరి అసలు సాక్సనీ (డ్రెస్డెన్ ఉన్న రాష్ట్రం) భోజనం? పాత ఊళ్ళోని నొయ్‌మార్క్ట్ చౌకు చుట్టూ ఉన్న రెస్టారెంట్లలో అడుగు పెట్టగానే అందరూ చెప్పేది జావర్‌బ్రాటెన్. వెనిగర్‌లో రోజుల తరబడి నానబెట్టి వండిన మాంసం, పక్కన ఎర్ర క్యాబేజీ, బంగాళాదుంప ఉండలు. దీన్ని మామూలుగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. తినేవాళ్ళకు ఒకసారి తప్పక తినదగ్గది, పులుపూ తీపీ కలిసిన ఆ పులుసు మన నోటికి కొత్తేమీ కాదు. తిననివాళ్ళకు క్వార్క్‌కోయిల్‌ఖెన్ ఉంది. ఉడికించిన బంగాళాదుంప, క్వార్క్, పిండి, గుడ్డు కలిపి చిన్న బిళ్ళలుగా చేసి వెన్నలో కాల్చి, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. తియ్యగా ఉంటుంది, అయినా అక్కడ దాన్నే భోజనంగా తింటారు. మెన్సాలో పెట్టిన రోజు వదలకండి, రెస్టారెంట్ ధరలో సగం కూడా ఉండదు. బంగాళాదుంప సూప్ శాకాహారమే అనుకోవద్దు, చాలాచోట్ల సాసేజ్ ముక్కలు వేస్తారు. రెస్టారెంట్‌లో మంచినీళ్ళకూ డబ్బు తీసుకుంటారు. ఇంట్లో కొళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు, సీసా నింపుకుని బయల్దేరండి.

నేను డబ్బు దాచమని చెప్పని ఒకే ఒక్క తిండి కేకులు. డ్రెస్డెన్‌కు రెండు పేరున్నవి ఉన్నాయి, ఐయర్‌షెక్కె, ష్టొల్లెన్. నన్ను ఒకటే ఎంచుకోమంటే ఐయర్‌షెక్కె అంటాను. అడుగున పలచటి ఈస్ట్ రొట్టె, మధ్యలో వెనిలా వేసిన క్వార్క్, పైన గుడ్డూ వెన్నా కలిపి గిలక్కొట్టిన పొర. పై పొర బంగారు రంగుకి వచ్చి, చెంచా పెడితే వణుకుతుంటుంది. నోట్లో పెట్టుకుంటే మధ్య పొర చల్లగా, కాస్త పుల్లగా తగులుతుంది. ఏ బేకరీలోనైనా ఏడాది పొడుగునా ఉంటుంది. గుడ్డు తిననివాళ్ళకు మాత్రం కుదరదు.

ష్టొల్లెన్ చలికాలపు సరుకు. ఎండు ద్రాక్ష, బాదం, నారింజ తొక్క మురబ్బా, బోలెడు వెన్న వేసి కాల్చి, మీద చక్కెర పొడి చల్లుతారు. పాతరోజుల్లో క్రిస్మస్ ముందు ఉపవాస దినాల్లో వెన్న నిషిద్ధం కాబట్టి ఇది చప్పగా ఉండేదట. 1491లో పోప్ వెన్న వాడుకోవడానికి అనుమతి ఇచ్చాక రుచి మారింది. ఎండు ద్రాక్షను సాధారణంగా రమ్‌లో నానబెడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు గమనించాలి. ఇంటికి తీసుకెళ్ళడానికి రెండింట్లో ఇదే మంచిది, వారాల తరబడి పాడవదు. డ్రెస్డెన్ ష్టొల్లెన్ సంఘం ముద్ర ఉన్నది చూసి కొనండి.

లోపలికి వెళ్ళాల్సింది ఏది: ట్స్వింగరా, రాజభవనమా

డ్రెస్డెన్‌లో రెండు పెద్ద మ్యూజియం సముదాయాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ట్స్వింగర్, రెండోది రెసిడెన్స్‌ష్లోస్ అనే రాజభవనం. వేటికవే టికెట్లు. విద్యార్థి రాయితీ ఉంది, కార్డు దగ్గర పెట్టుకోండి. ట్స్వింగర్‌కు సోమవారం సెలవు, రాజభవనానికి మంగళవారం.

ట్స్వింగర్ టికెట్ మీద మూడు సంగ్రహాలు చూడవచ్చు. పాత చిత్రకారుల గ్యాలరీలో రఫేల్ గీసిన సిస్టీన్ మడోన్నా ఉంది. కింద మోచేతులు ఆనించి పైకి చూస్తున్న ఇద్దరు రెక్కల పిల్లలు మీకు గ్రీటింగ్ కార్డుల మీద ఎప్పుడో కనిపించే ఉంటారు, వాళ్ళు ఈ బొమ్మలో వాళ్ళే. అక్కడే బెల్లొట్టో 1748లో ఎల్బే అవతలి ఒడ్డు నుంచి గీసిన ఊరి దృశ్యం కూడా ఉంది. అది చూసి అదే ఒడ్డుకు వెళ్ళి నిలబడితే ఇప్పటికీ ఆ ఆకారమే కనిపిస్తుంది. పింగాణీ సంగ్రహంలో ఎత్తైన చైనా కూజాలు ఉన్నాయి. 1717లో సాక్సనీ పాలకుడు ఆగస్టస్ 600 మంది గుర్రపు సైనికులను ప్రష్యా రాజుకు ఇచ్చి 151 పింగాణీ వస్తువులు తీసుకున్నాడు. మనుషులను ఇచ్చి కూజాలు తెచ్చుకున్న ఆ లెక్క తెలిశాక వాటిని చూసే తీరే మారిపోతుంది. మూడోది గడియారాలు, దూరదర్శినుల సంగ్రహం, ఇంజనీరింగ్ పిల్లలు అక్కడ్నుంచి ఓ పట్టాన కదలరు.

ఇంత ఉన్నా, ఒక్కదానికే డబ్బు ఉన్న తెలుగు విద్యార్థిని నేను రాజభవనానికే పంపుతాను. కారణం నొయెస్ గ్ర్యూనెస్ గెవోల్బె అనే ఖజానా మ్యూజియం. డ్రెస్డెన్ గ్రీన్ అనే ఆకుపచ్చ వజ్రం ఉండేది అక్కడే. 41 క్యారెట్లు. భూమిలో ఉండగా సహజమైన రేడియోధార్మికత తగిలి దానికా రంగు వచ్చింది. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని అంటారు. అంటే మన పల్నాడు మట్టిలోంచి వచ్చింది. 18వ శతాబ్దం నడిమికి సాక్సనీ పాలకుడి చేతికి చేరింది. గోల్కొండ వజ్రాల గురించి చదవడం వేరు, గాజు అవతల లేత ఆకు రంగులో మెరుస్తున్నదాన్ని చూడటం వేరు.

అదే మ్యూజియంలో ఇంకో వింత ఉంది. నగల శిల్పి డింగ్లింగర్ 1701 నుంచి 1708 దాకా కూర్చుని చేసిన ఔరంగజేబు దర్బారు. చక్రవర్తి పుట్టినరోజు వేడుక, నూట ముప్పైకి పైగా బుల్లి బంగారు మనుషులు, ఏనుగులు, పల్లకీలు, కానుకలు, వాటికి పొదిగిన వేలాది వజ్రాలు. డింగ్లింగర్ ఎన్నడూ భారతదేశం చూడలేదు, ప్రయాణికుల రాతలు చదివి ఊహించి చేశాడు. 1687లో గోల్కొండ కోటను పట్టుకున్నది ఈ ఔరంగజేబే. గోల్కొండ సీమ వజ్రమూ, గోల్కొండను గెలిచినవాడి కొలువూ ఒకే కప్పు కింద మరో దేశంలో ఉన్నాయి. అక్కడ ఎంతసేపు నిలబడినా తక్కువే.

టికెట్ కొనేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. హిస్టోరిషెస్ గ్ర్యూనెస్ గెవోల్బె అని మరో భాగం ఉంది, దానికి సమయం రాసిన వేరే టికెట్ కొనాలి. 2019 నవంబరులో దొంగతనం జరిగింది అందులోనే. ఆ సమయానికి ఆకుపచ్చ వజ్రం న్యూయార్క్‌లో ప్రదర్శనకు వెళ్ళి ఉండటంతో బతికిపోయింది. రెండూ చూడలేకపోతే నొయెస్ ఒక్కటే చాలు. ట్స్వింగర్ ప్రాంగణంలోకి టికెట్ లేకుండానే వెళ్ళవచ్చు కాబట్టి దాన్ని బయట నుంచి, రాజభవనాన్ని లోపల నుంచి చూడటం నా సలహా.

రాజభవనం బయట గోడ మీద ఉన్న ఫ్యుర్‌స్టెన్‌ట్సూగ్ ఎలాగూ దారిలోనే వస్తుంది. వంద మీటర్లకు పైగా పొడవున్న మైసెన్ పింగాణీ పలకల రాజుల ఊరేగింపు అది, డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఏ గోపురం ఎక్కాలి

ఫ్రావెన్‌కిర్షె చర్చి 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో కూలిపోయింది. దశాబ్దాల పాటు రాళ్ళ గుట్టగా ఉండిపోయి, 1994లో మళ్ళీ కట్టడం మొదలై, 2005 అక్టోబరులో తెరుచుకుంది. గోడల్లో అక్కడక్కడా నల్లటి రాళ్ళు కనిపిస్తాయి, శిథిలాల్లోంచి ఏరి పెట్టినవి. గోపురం మీది శిలువను తయారుచేసిన లండన్ కంసాలి తండ్రి ఆ దాడుల్లో పాల్గొన్న బ్రిటిష్ పైలట్. చర్చి లోపలికి టికెట్ లేదు, తప్పకుండా వెళ్ళండి. గోపురం ఎక్కడానికి డబ్బు కట్టాలి.

ఎక్కడం దగ్గర మాత్రం నేను ఆల్ట్‌మార్క్ట్ మూలనున్న క్రొయిట్స్‌కిర్షె గోపురం వైపు మొగ్గుతాను. లిఫ్ట్ లేదు, అన్నీ మెట్లే. ధర తక్కువ. పైగా ఫ్రావెన్‌కిర్షె మీద నిలబడితే ఊరంతా కనిపిస్తుంది కానీ ఫ్రావెన్‌కిర్షె కనిపించదు. ఈ గోపురం మీద నుంచి ఆ గుండ్రటి కప్పు ఎదురుగా నిలుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు చూడటానికి వస్తే అప్పుడు ఫ్రావెన్‌కిర్షెయే మంచిది, కొంత దూరం లిఫ్ట్ ఉంది.

సాయంత్రానికి ఆగస్టస్ వంతెన మీదుగా నది దాటి నొయ్‌స్టాట్‌కు నడవండి. పాత గైడ్లలో కరోలా వంతెన మీదుగా దారి చూపిస్తారు, అది 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున కొంత భాగం కూలిపోయింది, తర్వాత మిగతాదీ తొలగించారు. పాత ఊరు కెమెరాకి బాగుంటుంది, కూర్చుని తినడానికీ కబుర్లకూ నొయ్‌స్టాట్ బాగుంటుంది, జేబుకీ తేలిక. బౌట్స్‌నర్ వీధిలో ప్ఫుండ్స్ మోల్కెరై అనే పాల దుకాణం ఉంది. నేల నుంచి కప్పు దాకా చేత్తో బొమ్మలు వేసిన పలకలే. టూరిస్టు బస్సులు ఆగితే కాలు పెట్టే చోటుండదు, పొద్దున్నే వెళ్ళి ఒక గ్లాసు మజ్జిగ తాగి రండి. కున్స్ట్‌హోఫ్‌పసాజ్‌లో నీలం ఇంటి గోడ మీద గరాటులు, గొట్టాలు అల్లి ఉంటాయి, వానపడితే వాటిలోంచి నీళ్ళు చప్పుడు చేస్తూ దిగుతాయి. చలికాలం ఎండలో వెళ్తే మామూలు గోడే.

ఊరి బయటకు: ఒకే రైలు, రెండు దిక్కులు

ఎక్స్ఛేంజ్ విద్యార్థులు కూడా సెమిస్టర్ ఫీజు కడతారు, ప్రయాణ టికెట్ అందులోనే కలిసి ఉంటుంది. కాబట్టి ఎస్1 అనే లోకల్ రైలుకి వేరే ఖర్చు లేదు. అది ఒకవైపు మైసెన్‌కు, రెండోవైపు కొండల్లోకి, చెక్ సరిహద్దు దాకా వెళ్తుంది. ఏ దిక్కు ఎక్కాలన్నదే ప్రశ్న.

ఒక్క శనివారమే ఉంటే బాస్టై అనే రాతి కొండలకే. మరో మాట లేదు. కూరోర్ట్ రాటెన్ స్టేషన్‌లో దిగి, నది దాటించే పడవ ఎక్కాలి. ఆ పడవకు ఇంజను ఉండదు. తాడుకి కట్టి, ప్రవాహానికి ఏటవాలుగా తిప్పితే నీళ్ళే దాన్ని అవతలి ఒడ్డుకి తోస్తాయి. దానికి చిన్న టికెట్ వేరే, చిల్లర దగ్గర ఉంచుకోండి. అక్కడి నుంచి ముప్పావు గంట ఎక్కితే ఎల్బేకి 194 మీటర్ల ఎత్తున ఇసుకరాతి స్తంభాలు, వాటిని కలుపుతూ 1851లో కట్టిన రాతి వంతెన. వంతెన మీద నడవడానికి టికెట్ లేదు. వచ్చిన దారినే దిగకండి. ష్వేడెన్‌లోఖర్ అనే సన్నటి లోయలోంచి మెట్ల దారి ఉంది. 17వ శతాబ్దపు యుద్ధంలో స్వీడన్ సైన్యానికి భయపడి ఊళ్ళవాళ్ళు దాక్కున్న చోటు. వేసవి మధ్యాహ్నం కూడా అక్కడ చల్లగా, నాచు వాసనతో ఉంటుంది. పైన ఉన్న రెస్టారెంట్‌కి డబ్బు పోయకుండా పులిహోర కట్టుకుని వెళ్ళండి.

అదే రైల్లో ఇంకాస్త ముందుకు వెళ్తే క్యోనిగ్‌స్టైన్ కోట. తొమ్మిది హెక్టార్లకు పైగా ఉన్న బల్లపరుపు కొండ మీద మొత్తం ఊరే ఉంది, 152.5 మీటర్ల లోతు బావితో సహా. టికెట్ ఖరీదే, సగం రోజు పడుతుంది. కోటలూ చరిత్రా ఇష్టమైనవాళ్ళకు బాస్టై తర్వాతి శనివారానికి మంచిది. రెండింటినీ ఒకే రోజులో కలిపితే ఏదీ సరిగ్గా చూడలేరు.

పిల్నిట్స్ భవనం, మోరిట్స్‌బుర్గ్ కోట క్లాసు లేని మధ్యాహ్నానికి సరిపోయేంత దగ్గర. పిల్నిట్స్ తోటలో 200 ఏళ్ళు దాటిన కమేలియా చెట్టు ఉంది, చలికాలం చివర్లో, వసంతం మొదట్లో పూస్తుంది. మోరిట్స్‌బుర్గ్‌కి రాడెబోయిల్ నుంచి బొగ్గు రైలు నడుస్తుంది, దాని కోసమే వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

మైసెన్‌ను నేను వాన పడే రోజుకు, చలికాలానికి అట్టిపెడతాను. మంచు కురిశాక బాస్టై మెట్లు గడ్డకట్టి జారతాయి, మామూలు బూట్లతో అక్కడికి వెళ్ళకూడదు. మైసెన్‌లో చూసేవన్నీ చాలావరకు కప్పు కిందే ఉంటాయి. యూరప్‌లో మొదటి గట్టి పింగాణీ ఫ్యాక్టరీ 1710లో ఇక్కడే పెట్టారు, కొండ మీది అల్బ్రెష్ట్స్‌బుర్గ్ కోటలో. ఇప్పటి ఫ్యాక్టరీ మ్యూజియంలో పనివాళ్ళు మీ ముందే పువ్వు రెక్కలు ఒక్కొక్కటిగా అతికించి, సన్నటి కుంచెతో నీలం రంగు వేసి చూపిస్తారు. కోటకీ ఫ్యాక్టరీకీ కలిపి టికెట్లు భారం అనుకుంటే ఫ్యాక్టరీ తీసుకోండి. కోట ఆవరణలోకి నడిచి నది వైపు చూడటానికి డబ్బు అక్కర్లేదు. దిగేటప్పుడు మార్కెట్ చౌకులో ఫ్రావెన్‌కిర్షె అనే పేరుతోనే మరో చర్చి ఉంది, 1929 నుంచి దాని గోపురంలో పింగాణీ గంటలు మోగుతున్నాయి. పక్క బేకరీల్లో ఫుమ్మెల్ అని బుడగలా ఉబ్బిన బోలు రొట్టె అమ్ముతారు. కాస్త నొక్కితే పగిలిపోతుంది, రుచి పెద్దగా ఉండదు. బ్యాగులో వేసుకోకుండా చేత్తో పట్టుకుని, తిరుగు రైల్లో ఎక్కేలోపే తినేయండి.